గుమ్మంలోకి వచ్చిన కోర్టు కాగితం

ఆ రోజు శుక్రవారం. గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, పూజ ముగించుకుని వంటలో పడ్డాను. కుక్కరు రెండో కూత వేసేసరికి వీధి గేటు చప్పుడైంది. వెళ్ళి చూస్తే నా ఈడు ఆవిడ ఒకరు, చేతిలో ఫైలుతో నిలబడి ఉన్నారు. వెనకాల ఒక హోంగార్డు. "ఫలానా ఆయన ఇల్లు ఇదేనాండీ?" అని అడిగారు. ఆ ఫలానా ఆయన మా మరిది.

"కాకినాడ నుంచి వచ్చామండీ. గృహహింస కేసులో నోటీసు. కోర్టువారి మధ్యంతర ఉత్తర్వు కూడా ఉంది. ఆయన ఉన్నారా?"

మరిది బజార్లో కొట్లో ఉన్నాడు. మా తోడికోడలు నాలుగు నెలల కిందటే పిల్లాణ్ణి తీసుకుని నర్సీపట్నం వైపు ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను నోరు తెరిచేలోపే వెనకనించి అత్తయ్యగారు చెయ్యి ఊపుతున్నారు. లేడని చెప్పు, అసలు ఊళ్ళోనే లేడని చెప్పు అని.

వచ్చినావిడకి ఇలాంటివి అలవాటే కాబోలు. "ఆయన లేకపోయినా పర్వాలేదండీ, ఇంట్లో ఉన్నవాళ్ళు తీసుకోవచ్చు. మీరు తీసుకుంటారా?" అని పెన్ను నా వైపు చాపారు.

ఒక కాగితం అందుకోవడానికి అంత ఆలోచనేమిటి అనిపించొచ్చు మీకు. ఆ నిమిషంలో నేనేం చేశానో చివర్లో చెప్తాను. ముందు ఆ కాగితం ఒక మగవాడి పేరు మీద మా గుమ్మందాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో చెప్పాలనిపిస్తోంది. తర్వాత మా అన్నయ్య కూతురి దగ్గర పుస్తకాలు తెప్పించుకుని చదివాను. ఆ పిల్ల విశాఖపట్నంలో లా చదువుతోంది. తెలుగు బి.ఎ. చదివినదాన్ని, చట్టాలు నాకేం అర్థమవుతాయి అనుకునేదాన్ని. చదివితే అందులో ఉన్నవన్నీ మన ఇళ్ళ సంగతులేనండీ.

మా అమ్మమ్మ చెప్పిన సంగతి ఒకటి ముందు చెప్తాను. 1974లో, అంటే నేను పుట్టకముందు, మా పిన్ని మొగుడి దెబ్బలు పడలేక పుట్టింట్లో ఉండిపోయింది. కొన్నాళ్ళకి కోర్టు అమీనా కాగితం పట్టుకొచ్చాడు. పిన్నిని కాపురానికి పంపించమని ఆయన వేసిన దావా అది. పిన్ని ఆ పూట ఇంట్లో లేదు. అమ్మమ్మ చెయ్యి చాపితే, "మీకిస్తే చెల్లదమ్మా, ఇంట్లో మగవాళ్ళని పిలవండి" అన్నాడట. పొలం నుంచి మావయ్య వచ్చేదాకా అరుగు మీదే కూర్చున్నాడట.

ఇన్నాళ్ళూ నేను ఆ అమీనాది పాతకాలపు బుద్ధి అనుకున్నాను. కాదు. చట్టమే అలా ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో, సమన్లు పుచ్చుకోవలసిన మనిషి దొరక్కపోతే అతనితోపాటు ఆ ఇంట్లో ఉంటున్న వయసొచ్చిన మగవాడికి ఇవ్వొచ్చని రాశారు. ఆడవాళ్ళ ఊసు లేదు. ఇల్లంతా నడిపే అమ్మమ్మ చెయ్యి కాగితం అందుకోవడానికి పనికిరాలేదు. 1976 సవరణలో "మగవారైనా ఆడవారైనా" అని చేర్చారు. క్రిమినల్ కోర్టుల సమన్ల విషయంలో అయితే ఆ "మగవాడు" అన్న మాట 1973 కోడ్‌లో కూడా అలాగే కొనసాగింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో మాత్రమే అది పోయింది. మొన్న మొన్నటిదాకా అన్నమాట.

సరే, ఎవరి చేతికిచ్చారన్నది ఒక సంగతి. ఎవరి పేరు మీద వచ్చేదన్నది ఇంకో సంగతి. మొగుడూ పెళ్ళాల తగువుల్లో ఆడదాని పేరు మీద వచ్చే కాగితానికి పెద్ద చరిత్రే ఉంది. బొంబాయిలో రఖ్మాబాయి అనే ఆవిడకి పదకొండేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక కాపురానికి వెళ్ళనంది. 1884లో భర్త దావా వేశాడు. మొదటి జడ్జి ఆవిడ పక్షాన చెప్పినా, అప్పీలులో అది తిరగబడి, 1887లో భర్త దగ్గరికి వెళ్ళు, లేదా ఆరు నెలలు జైలుకి వెళ్ళు అన్నారు. జైలుకే వెళ్తానంది ఆవిడ. చివరికి 1888లో రెండు వేల రూపాయలకి రాజీ కుదిరింది. తర్వాత ఆవిడ లండన్ వెళ్ళి డాక్టరు చదివొచ్చారు. కాపురానికి రానన్నందుకు జైల్లో పెట్టే పద్ధతిని 1923లో తీసేశారు గానీ దావా మాత్రం పోలేదు. 1955 హిందూ వివాహ చట్టంలో తొమ్మిదో సెక్షనుగా మళ్ళీ వచ్చి కూర్చుంది. దానికి దాంపత్య హక్కుల పునరుద్ధరణ అని గంభీరమైన పేరు. భర్త మీద భార్య కూడా వేయొచ్చు, కాదనను. కానీ మా పిన్నిలాంటివాళ్ళకి ఆ కాగితం అర్థం ఒక్కటే: తన్నులు తిన్న చోటికే మళ్ళీ రా అని.

ఆ సెక్షను మీద గట్టిగా మాట్లాడింది మన హైకోర్టే. సినీనటి సరిత కేసులో, 1983లో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరిగారు ఆ సెక్షను రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పారు. ఒక మనిషి శరీరం మీద, మనసు మీద కోర్టు డిక్రీ పనిచేయకూడదన్నది ఆ తీర్పు సారాంశం. 1984లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ అభిప్రాయాన్ని కాదంది. ఆ సెక్షను నేటికీ ఉంది.

అదే 1983 డిసెంబరులో 498-ఎ వచ్చింది. భార్యని హింసిస్తే మూడేళ్ళదాకా జైలు. పెద్ద మార్పే. అయితే మన ఆడవాళ్ళలో చాలామందికి కావలసింది ఆయన్ని జైల్లో చూడటం కాదు కదండీ. కొట్టకుండా ఉండాలి, పిల్లలతో తలదాచుకోవడానికి చోటుండాలి, నా నగలు నాకివ్వాలి. అంతే. ఇటు చూస్తే కాపురానికి రమ్మనే కాగితం, అటు చూస్తే జైలు. "ఆవిడ జోలికి వెళ్ళకు" అని మొగుడికి చెప్పే కాగితం మధ్యలో లేదు.

ఇక్కడ మన గోదావరి జిల్లాల ఆడపడుచుని తలుచుకోవాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పుట్టింది రాజమండ్రిలో, పెరిగింది కాకినాడలో. 1923 కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసిందన్న కథ మనందరికీ తెలుసు. అప్పటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు. ఆవిడే 1953లో చైనా వెళ్ళొచ్చాక, మన దేశంలోనూ కుటుంబ తగాదాలకి వేరే కోర్టులుండాలని చెప్పడం మొదలుపెట్టారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆవిడ 1981లోనే పోయారు. ఆవిడ చూసి ఉంటే బాగుండేది.

చివరికి 2005లో గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమలు. జనం నోట డీవీసీ కేసు అంటారే, అదే. దీంతో కాగితం దిక్కు మారిందండీ. నూటికి పైగా ఏళ్ళు ఆడదాని గుమ్మంలోకి వచ్చిన కాగితం ఇప్పుడు మగవాడి గుమ్మంలోకి వెళ్ళడం మొదలుపెట్టింది.

అందులో ఏముంటుందంటే, ఆమెని కొట్టకూడదు, తిట్టి హింసించకూడదు, ఇంకొకరిచేత చేయించకూడదు. ఆమె పనిచేసే చోటికి, పిల్లల బడికి వెళ్ళకూడదు. ఫోను చేయకూడదు, ఉత్తరం రాయకూడదు. ఆమె స్త్రీధనం, ఇద్దరి పేరా ఉన్న లాకరు ముట్టుకోకూడదు. ఆమెకి సాయం చేసిన చుట్టాల మీదికి వెళ్ళకూడదు. ఇందులో ఏవి అవసరమో మేజిస్ట్రేటు రాస్తారు. ఇల్లు ఆమె పేరున లేకపోయినా అక్కడ ఉండే హక్కు ఉంది. ఆ ఇల్లు అత్తమామలదైనా సరే, కాపురం చేసిన ఇల్లు అవ్వొచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కేసు భర్త ఊళ్ళోనే వేయాలని లేదు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊళ్ళోనూ వేయొచ్చు. ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది. అందుకే నర్సీపట్నం వైపు ఉన్న పిల్ల కాగితం తునిలో మా గుమ్మానికి వచ్చింది.

అయితే ఎంత మంచి ఉత్తర్వైనా ఫైల్లో ఉన్నంతసేపూ ఎవరినీ కాపాడదు. అందాలి. "నాకు తెలీదండీ, నాకెవరూ చెప్పలేదు" అనే వీలు ఆయనకి ఉండకూడదు. ఉత్తర్వు మీరితే ఏడాదిదాకా జైలు, లేదా ఇరవై వేలదాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు, బెయిలు హక్కుగా రాదు. ఇంత గట్టి శిక్ష కూడా "ఆయనకి కాగితం అందిందా?" అన్న ఒక్క ప్రశ్న మీద ఆగిపోతుంది.

చట్టం రాసినవాళ్ళకి ఇది తెలుసు. మామూలు సమన్లలా ఏ ఆర్నెల్లకో వెళ్తే లాభం లేదని గడువులు పెట్టారు. దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపే మామూలుగా మొదటి వాయిదా ఉండాలి. నోటీసు రక్షణాధికారి చేతికిస్తే రెండు రోజుల్లో అందించాలి, మేజిస్ట్రేటు ఇంకొంత గడువిస్తే తప్ప. అందించానని ఆ అధికారి రాసిచ్చిన ప్రకటనే రుజువు. కారణం లేకుండా రక్షణాధికారి తన పని చేయకపోతే ఆ అధికారికీ శిక్ష రాసిపెట్టారు. మొత్తం కేసు అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలన్నారు. ప్రమాదం ఉందనిపిస్తే అవతలి మనిషి వచ్చేదాకా ఆగకుండా ఆమె అఫిడవిట్ చూసి మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఉత్తర్వు నకలు ఇద్దరికీ, ఆ పరిధిలోని పోలీసు స్టేషనుకీ ఉచితంగా ఇవ్వాలి.

మరి మగవాడు తప్పించుకుంటే? దానికీ 2006 నియమాల్లో దారి చూపించారు. ఇంటికే కాదు, ఉద్యోగం చేసే చోటికీ నోటీసు పంపొచ్చు. ఆయన లేకపోతే ఆ సమయానికి అక్కడ బాధ్యతగా ఉన్నవాళ్ళ చేతికివ్వొచ్చు. ఇక్కడ మగా ఆడా అన్న మాటే లేదు. ఎవరూ పుచ్చుకోకపోతే అందరికీ కనపడేలా ఇంటికి అంటించి రావొచ్చు. నోటీసు అందాక కూడా రాకపోతే ఉన్న ఆధారాల మీదే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇవ్వొచ్చని, 2015లో, అప్పటికి రెండు తెలుగు రాష్ట్రాలకీ ఉమ్మడిగా ఉన్న హైదరాబాదు హైకోర్టు చెప్పింది. ప్రతి వాయిదాకీ అందరూ రావాలని పట్టుబట్టక్కర్లేదని కూడా అదే తీర్పులో ఉంది. ముసలి అత్తమామల పేర్లు కాగితంలో చూసి హడలిపోయేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఇది అరెస్టు వారంటు కాదు, వచ్చి మీ మాట చెప్పండన్న పిలుపు.

రాత ఇంత బాగున్నా కాళ్ళు నడవాలి కదా. జిల్లా అంతటికీ తిరగాల్సింది కొద్దిమంది. తాళం వేసిన ఇల్లు, అద్దె ఇల్లు మారిపోయినవాళ్ళు, "ఊళ్ళో లేడండీ" అనే తల్లులు. రెండు రోజులన్నది రెండు వాయిదాలు, మూడు వాయిదాలు అవుతుంది. చట్టం వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తుండగా, 2025 మే నెలలో సుప్రీంకోర్టు జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణాధికారులను గుర్తించి నియమించమని రాష్ట్రాలకి ఆరు వారాల గడువు పెట్టవలసి వచ్చిందంటే పరిస్థితి మీరే ఊహించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి ముప్ఫైమంది భర్త చేతిలో హింస చూశామని చెప్పారు. చెప్పినవాళ్ళ లెక్క మాత్రమే అది.

కాగితం అందినంత మాత్రాన అయిపోయిందనీ అనుకోకూడదు. మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి సంగతి ఒకటి చెప్తాను. అక్కడ దీన్ని రెస్ట్రయినింగ్ ఆర్డరంటారు. కొలరాడోలో కాసిల్‌రాక్ అనే ఊళ్ళో 1999లో ఒక తల్లి ఆ ఆర్డరు తెచ్చుకుంది. భర్తకి అది అందింది కూడా. జూన్‌లో ఒక సాయంత్రం ఆయన ముగ్గురు ఆడపిల్లల్నీ చెప్పకుండా తీసుకుపోయాడు. తల్లి పోలీసులకి మళ్ళీ మళ్ళీ ఫోను చేసింది, వెళ్ళి అడిగింది. చూద్దాం, ఇంకాసేపు ఆగండి అన్నారు. తెల్లవారుజామున ఆయన పోలీసు స్టేషను మీదే కాల్పులు జరిపి చచ్చిపోయాడు. ట్రక్కులో ముగ్గురు పిల్లలూ శవాలై దొరికారు. ఆ ఆర్డరు అమలు చేసి తీరాలని అడిగే హక్కు అక్కడి రాజ్యాంగం ప్రకారం ఆమెకి లేదని 2005 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మన చట్టానికి రాష్ట్రపతి సంతకమైంది అదే ఏడాది సెప్టెంబరులో. అందుకే నకలు పోలీసు స్టేషనుకి చేరిందో లేదో కనుక్కోవడం, ఆమె దగ్గర ఎప్పుడూ ఒక కాపీ ఉండటం, మీరిన వెంటనే 112కో 181కో చేయడం అంత అవసరం.

ఇప్పుడు మా గుమ్మం దగ్గరికి వస్తాను.

నిజం చెప్పాలంటే నేను అంత మంచిదాన్ని కాదండీ. మరిది వాటా, మా వాటా మధ్య ఒకటే గోడ. ఆరేళ్ళు ఆ గోడ అవతల చప్పుళ్ళు విన్నాను. మొదట్లో మా ఆయన్ని లేపేదాన్ని. "వాళ్ళ గొడవ వాళ్ళది" అని అటు తిరిగి పడుకునేవారు. తర్వాత్తర్వాత పగటిపూట చప్పుడైతే నేను మిక్సీ వేసుకునేదాన్ని. పచ్చడికి అవసరం ఉన్నా లేకపోయినా. మర్నాడు ఆ పిల్ల "అక్కా, కొంచెం పెరుగుంటే పెట్టవా" అని వచ్చేది. మోచేతి మీది కమిలిన మచ్చ చూసీ చూడనట్టు పెరుగు పెట్టి పంపేదాన్ని.

ఆ శుక్రవారం పెన్ను నా ముందుకొచ్చినప్పుడు ఆ మిక్సీ మోతే గుర్తొచ్చింది. "ఊళ్ళోనే ఉన్నాడండీ, సాయంత్రానికి వస్తాడు. నేను తీసుకుంటాను" అన్నాను. కొట్టు ఎక్కడో కూడా చెప్పాను. పేరు రాశాను. పక్కన బంధుత్వం అని ఉన్నచోట "వదిన" అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టాను. ఆవిడ "థాంక్సండీ, రెండోసారి రానక్కర్లేకుండా చేశారు" అని మంచినీళ్ళు తాగి, నేను చెప్పిన గుర్తులు రాసుకుని కొట్టు వైపు వెళ్ళారు.

కాగితంలో రెండో పేరు అత్తయ్యగారిది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, "నువ్వు చదువుకున్నదానివి కదా, అందులో ఏం రాసిందో చదువు" అన్నారు. ఇంగ్లీషులో ఉంది. ఒక్కో పేరా చదివి తెలుగులో చెప్పాను. ఏ పండక్కి ఏం జరిగింది, ఏ రాత్రి పిల్లాడు లేచి ఏడ్చాడు, తేదీలతో సహా రాసుంది. ఒకచోట ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "ఆ రోజు నేను ఇక్కడే ఉన్నాను" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మరిది నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడడు. కానీ ఆయన వాయిదాకి వెళ్ళాడు. పిల్లాడి బడి దగ్గరికి వెళ్ళడం మానేశాడు. ఆ బడి ముందు స్కూటరేసుకుని నిలబడుతున్నాడని మాకు అంతకుముందే తెలుసు. కేసు ఇంకా నడుస్తోంది, ఏమవుతుందో చెప్పలేను. వాళ్ళు కలుస్తారో విడిపోతారో అది ఆ పిల్ల నిర్ణయించుకోవాలి.

మొన్న లోవ వెళ్ళి తలుపులమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుంటుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ చెయ్యి చాపితే చెల్లదన్నారు. నా చెయ్యి చెల్లింది. మీ గుమ్మంలోకి అలాంటి కాగితం ఎప్పుడూ రాకూడదనే కోరుకుంటాను. ఒకవేళ వస్తే, అది మీ కొడుకుదైనా తమ్ముడిదైనా, లేడని మాత్రం చెప్పకండి. తీసుకుని సంతకం పెట్టండి. అవతల ఎక్కడో ఒక పిల్ల ఆ కాగితం అందిందో లేదోనని ఎదురుచూస్తూ ఉంటుంది.